కిందికి దించిన చుక్క

ఇరవై ఆరేళ్ళు నేను చుక్కలు పెట్టి బతికాను. ముగ్గు చుక్కలు కావు, పాట చుక్కలు. కెమ్నిట్జ్‌లో సంగీత పుస్తకాలు అచ్చువేసే ఒక చిన్న సంస్థలో నాది నోట్ సెట్టర్ ఉద్యోగం. సంగీతకర్తలు చేత్తో రాసిచ్చిన కాగితాలు చూసి, కంప్యూటర్‌లో ఐదు గీతల మీద ఒక్కో చుక్కా పెట్టి అచ్చుకి సిద్ధం చేయాలి. ఈ ఊరికి మాస్టర్స్ చేయడానికి వచ్చే మన పిల్లలు "అంటే కోడింగ్ లాంటిదా ఆంటీ?" అని అడుగుతుంటారు. టైపింగ్ లాంటిదమ్మా అని నవ్వేసి ఊరుకుంటాను. అసలు సంగతి చెప్పాలంటే ఒక రోజు సరిపోదు. ఇప్పుడు రిటైరై తీరిగ్గా ఉన్నాను కాబట్టి, నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. పనిలో నేను గొప్పగా చేసినవి కూడా కొన్ని ఉన్నాయి గానీ, అవి వింటే మీకు నిద్రొస్తుంది.

మాది గుంటూరు. నాన్న మా లూథరన్ చర్చిలో హార్మోనియం వాయించేవారు. అక్కడి పాత పాటల్లో సగం జర్మనీ నుంచి వచ్చిన బాణీలేనని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. నొటేషన్ చదవడం నాన్నే నేర్పారు. మావారికి ఇక్కడ యంత్రాల కంపెనీలో ఉద్యోగం దొరికి ఇద్దరం వచ్చేశాం. కొన్నాళ్ళు ఇంట్లో గోడలు చూసి, ఆ తర్వాత పేపర్లో ప్రకటన చూసి వెళ్ళాను. భాష అంతంత మాత్రం. మా ఆఫీసు పెద్దాయన ఒక కాగితం ముందు పెట్టి, ఇందులో తప్పులు పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. సోమవారం నుంచి రమ్మన్నాడు.

మా దగ్గరికి కాగితాలు పంపేవాళ్ళలో నేను ఎదురుచూసే చేతిరాత ఒకటుండేది. అది మా ఊరి కాంటర్ గారిది. చర్చిలో ఆర్గన్ వాయించి, క్వయర్ నడిపే మనిషిని ఇక్కడ కాంటర్ అంటారు. ఈయన మేజోళ్ళ ఫ్యాక్టరీలో మెషీన్లు బాగుచేసే మెకానిక్ కొడుకు. తూర్పు జర్మనీ రోజుల్లో పార్టీలో చేరనన్నందుకు పెద్ద సంగీత కళాశాలలో సీటు రాలేదు. చర్చి నడిపే చిన్న బడిలో చదువుకుని, ఒకే చర్చిలో నలభై ఏళ్ళకు పైగా ఉండిపోయారు. వందకు పైగా పాటలు కట్టారు. ఒక్కటీ పెద్ద హాళ్ళలో మోగలేదు. ఎందుకంటే ఆయన గొప్ప గొంతుల కోసం రాయలేదు. ఉన్న గొంతుల కోసం రాశారు. ఆ ఏడాది క్వయర్‌లో ఉన్న ఒకే ఒక్క మగ సన్నగొంతు ఆయాసం ఉన్న పోస్ట్‌మ్యాన్‌దైతే, ఆ పోస్ట్‌మ్యాన్ ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో లెక్కచూసి పాట కట్టేవారు. రొట్టెల దుకాణం ఆవిడకి పై స్వరం అందకపోతే ఆ స్వరమే వాడేవారు కాదు. "ముందు మనిషి, తర్వాత పాట" అనేవారు. మెత్తటి పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్ళీ రాసి, కాగితం చిల్లుపడేదాకా వదిలేవారు కాదు.

నేను గుంటూరు చర్చిలో పాడిందాన్నని తెలిసిన రోజున, ఆఫీసులో అందరి ముందూ నా చేత ఒక జర్మన్ బాణీని తెలుగు మాటలతో పాడించుకున్నారు. విని, "ఇక్కడికంటే అక్కడే కులాసాగా ఉంది ఈ పాట" అన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి, మా అమ్మాయి చదువుకని మ్యూనిక్ వెళ్ళిపోయి ఇల్లు బోసిపోయినప్పుడు, ఆయన క్వయర్‌లో చేరాను. ఆడవాళ్ళలో కింది గొంతులవాళ్ళు పాడే వరసను ఆల్టో అంటారు. నేను అందులో.

నాకు రిటైర్మెంట్ ఇంకో రెండేళ్ళుందనగా ఈ సంగతి జరిగింది. ఆయనకి డెబ్బై ఆరు. నవంబరు చివర్లో ఇక్కడ చనిపోయినవాళ్ళని తలుచుకునే ఆదివారం ఒకటుంటుంది. ఆ రోజుకోసం ఆయన ఒక పెద్ద పాట కట్టారు. వాయిద్యాలు లేవు, గొంతులే. చివరి మాట "డాహైమ్". అంటే ఇంట్లో, సొంత గూట్లో అని. ఆ మాట మీద గొంతులన్నీ వచ్చి వాలతాయి.

అప్పటికి ఆయన రెండు కళ్ళకీ శుక్లాలు. రాతలో పొరపాట్లు దొర్లాయి. ఒకచోట చుక్క పక్కగీత మీద పడింది, ఒకచోట తాళం ఒక దెబ్బ తగ్గింది. అలాంటివి ఏడు దొరికాయి. ఏడుసార్లూ ఫోన్ చేసి అడిగాను. ఏడుసార్లూ "అయ్యో, నాదే తప్పు, సరిచేయండి, థ్యాంక్స్" అన్నారు. ఏడోసారికి ఆయన గొంతు కాస్త చిన్నబోయింది.

ఎనిమిదోది చివరి మాట దగ్గర దొరికింది. మన స్వరాల్లో చెబుతాను. మిగతా మూడు గొంతులూ స, గ, ప అని హాయిగా వచ్చి కూర్చున్నాయి. ఆల్టోలు మాత్రం అంతకు ముందు పట్టిన మ మీదే ఉండిపోయారు. ఆ చోట మ వచ్చి గ మీద వాలాలి. నీరు పల్లానికి పోయినంత సహజం. వాలకపోతే చెవిలో ముల్లు. ఇదీ కళ్ళ పొరపాటేననుకున్నాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. కాంటర్ గారిని ఎనిమిదోసారి చిన్నబుచ్చడం దేనికి అనిపించింది. ఇంతలో మా ఆఫీసు పెద్దాయన తలుపు దగ్గర నిలబడి, "ప్రూఫ్ ఇవాళే పోస్ట్‌లో వెళ్ళాలి, గుర్తుందిగా?" అన్నాడు. గీతల మధ్య సందులో ఉన్న చుక్కని కింది గీత మీదికి దించాను. ఒక్క క్లిక్కు.

కాంటర్ గారు ప్రూఫ్ స్వయంగా తెచ్చిచ్చారు. ఒక కంటికి ఆపరేషనై కట్టుంది. చివరి పేజీలో సంతకం ఉంది. లోపల ఎక్కడా పెన్సిల్ గీత లేదు.

"చూశారా?" అన్నాను.

"మీరు చేశారు కదా. ఇప్పుడు నా కళ్ళకంటే మీ కళ్ళే నయం" అన్నారు.

ఆ మాట నాకప్పుడు మెప్పులా వినిపించింది.

అచ్చయిన కాగితాలతో మొదటి రిహార్సల్ గురువారం సాయంత్రం, చర్చి పక్క హాల్లో జరిగింది. ముప్ఫై మందిమి ఉంటాం. చివరిదాకా పాడాం. చివరి మాట దగ్గర ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఆల్టోలు మాత్రమే, ఆ మాట."

పాడాం.

"కాదు. మీరు దిగకూడదు. పైనే ఉండాలి."

మా వరసకి పెద్ద ఒక రిటైరైన టీచరమ్మ. ఆవిడ లేచి, "కాంటర్ గారూ, అచ్చులో దిగమనే ఉందండీ" అంది.

ఆయన కళ్ళజోడు మార్చుకుని కాగితాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకున్నారు. చాలాసేపు చూశారు.

"మీరన్నది నిజమే" అన్నారు చివరికి. "నేను వేరేలా రాశాననుకున్నాను."

అప్పుడాయన ముఖంలో కోపం లేదు. ఉంటే బావుండేది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేనివాడి ముఖం అది. వాళ్ళన్నయ్య చివరి నాలుగేళ్ళూ సొంత పిల్లల్ని గుర్తుపట్టలేదని మా అందరికీ తెలుసు. ఆ రోజుకి చాలన్నారు.

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఆయన రాసింది ఆయన రాసినట్టే గుర్తుంది. దించింది నేను. లేచి ఆ మాట చెప్పడానికి అర నిమిషం చాలు. లేవలేదు. పక్కనున్నవాళ్ళు ఏమంటారోనని, ఆఫీసులో ఏమవుతుందోనని. "పరాయి దేశపామె, మన పాటలు ఆమెకేం తెలుసు" అనే మాట నేను ఇన్నేళ్ళలో ఎవరి నోటా వినలేదు గానీ, ఆ రోజు నా లోపలి నుంచే వినిపించింది.

తర్వాతి గురువారం ఆయన నిలబడి రెండు ముక్కల్లో చెప్పారు. కొత్త పాట మానేస్తున్నాం, పాతవే పాడదాం. ఈ కచేరీ తర్వాత మీరు కొత్త కాంటర్ని వెతుక్కోవాలి. "చెవి మోసం చేస్తే సర్దుకోవచ్చు. జ్ఞాపకం మోసం చేస్తే మీ ముందు నిలబడే హక్కు నాకు లేదు." టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆవిడకి టిష్యూ అందించి, నేను కాగితాలు సర్దుకున్నాను.

మర్నాడు మా ఆఫీసు పెద్దాయనకి చెప్పాను. మంచివాడే, కానీ భయస్తుడు. "ప్రూఫ్ మీద సంతకం ఎవరిది? ఆయనదే. పద్ధతి ప్రకారం తప్పు ఆయనదే. మీరు దీన్ని కెలకొద్దు. ఎలాగూ డెబ్బై ఆరేళ్ళు, ఎప్పుడో ఒకప్పుడు మానేయాల్సిందే కదా" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ మాట వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక వారం ఆ మాట మీదే బతికాను.

ఆ వారం గడిచాక వచ్చిన ఆదివారం చర్చి బయట టీచరమ్మ చెప్పింది. కాంటర్ గారు మతిమరుపు పరీక్షలకి టెర్మిన్, అంటే డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్, తీసుకున్నారట, బుధవారం ఉదయమట. ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి మావారికి మొత్తం చెప్పాను. ఆయనకి సంగీతం తెలీదు. పప్పు పోపు మాడుతుంటే స్టవ్ కట్టేసి, శ్రద్ధగా విన్నారు.

"నాకొకటి చెప్పు. నువ్వు ఒక చుక్క దించావు. అందుకు ఆయన తలకి స్కానింగ్ తీయించుకుంటున్నాడు. అంతేనా?"

"అంతేనండీ."

"మరి నువ్వు ఇక్కడేం చేస్తున్నావే?"

బుధవారం ఆఫీసుకి సెలవు పెట్టి, ఫైల్లోంచి తీసుకొచ్చిన చేతిరాత కాగితాన్ని అట్టల మధ్య పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కాంటర్ గారు మెట్లు దిగుతూ కనిపించారు. కోటు, టోపీ, చేతిలో ఇన్సూరెన్స్ కార్డు.

"మీతో మాట్లాడాలండీ."

"టెర్మిన్ ఉందమ్మా. ఆరు వారాలన్నారు, ఎవరో మానుకుంటే ఇవాళ దొరికింది. ఆలస్యం చేస్తే పోతుంది. కావాలంటే నడుస్తూ మాట్లాడండి."

నడుస్తూ మాట్లాడలేకపోయాను. ట్రామ్‌లోనూ మాట్లాడలేకపోయాను. ఆయన నేను తోడొచ్చాననుకుని వాతావరణం గురించి మాట్లాడారు. చివరికి క్లినిక్ వెయిటింగ్ రూమ్‌లో, మాసిన పత్రికల బల్ల పక్కన, అట్టలు తెరిచి ఆ కాగితం ఆయన ఒళ్ళో పెట్టాను.

"మీరు రాసింది ఇది. మీకు గుర్తున్నట్టే ఉంది. కిందికి దించింది నేను. మిమ్మల్ని అడగలేదు. మూడు వారాలుగా నోరు విప్పలేదు."

ఆయన వేలు గీతల మీద మెల్లగా కదిలి ఆ చుక్క దగ్గర ఆగింది. పెదవులు మూసి, ఆ మ ని సన్నగా పలికారు. అలాగే పట్టుకున్నారు. దించలేదు. ఎదురుగా కూర్చున్న ముసలావిడ పత్రిక దించి చూసింది.

అప్పుడే లోపలి నుంచి ఆయన పేరు పిలిచారు. లేచి కోటు సర్దుకున్నారు.

"ఇప్పుడెందుకండీ వెళ్ళడం?" అన్నాను.

"టెర్మిన్ దొరికింది కదా" అని లోపలికి వెళ్ళిపోయారు.

ముప్పావుగంట కూర్చున్నాను. నా ఉద్యోగంలో అంత పొడుగు ముప్పావుగంట ఇంకోటి లేదు. బయటికొచ్చి, "గడియారం బొమ్మ గీయమన్నారు. గీశాను. పది మాటలు చెప్పి తిరిగి చెప్పమన్నారు. తొమ్మిది చెప్పాను. నా వయసుకి బావుందట" అన్నారు. నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. క్లినిక్ బయట, కింది మెట్టు మీద నిలబడి నా వైపు తిరిగారు.

"ఏడుసార్లు ఫోన్ చేశారు. ఎనిమిదోసారి ఎందుకు చేయలేదు?"

"మిమ్మల్ని నొప్పించడం దేనికని."

"నొప్పించండి! నేను పిల్లవాణ్ణా? మూడు వారాలు రాత్రిళ్ళు పడుకుని మా అన్నయ్య ముఖం చూశాను. మీరు నన్ను కాపాడారు, కాబట్టే చూశాను."

రోడ్డు మీద జనం చూస్తున్నారు. నేను తల దించుకుని నిలబడ్డాను. ట్రామ్ స్టాప్ దాకా నడిచాం. ఒక ట్రామ్ వచ్చింది, వెళ్ళింది. ఎక్కలేదు.

"తప్పు అనుకుని దించారు కదా" అన్నారు బెంచీ మీద కూర్చుని. ఈసారి గొంతు మామూలైంది. "తప్పే అది. కానీ నాది కాదు."

అప్పుడు చెప్పారు. ఆయన కుర్రకాంటర్‌గా చేరినప్పుడు క్వయర్‌లో ఒక ఆల్టో ఉండేది. పిల్లల బడిలో వంటమనిషి. పెద్ద గొంతు, చదువు లేదు. పాట చివర అందరూ వచ్చి వాలినా ఆవిడ మాత్రం పైనే ఉండిపోయేది. అందరూ ముగించాక, తీరిగ్గా దిగేది. ప్రతి పాటకీ అంతే. ఆయన తిట్టారు, బతిమాలారు. "ఇక్కడ బావుంది కాంటర్ గారూ, అప్పుడే దిగబుద్ధి కాదు" అనేది.

ఆ రోజుల్లో చర్చికి వచ్చేవాళ్ళ మీద ప్రభుత్వం కన్నుండేది. ఆవిడ కొడుకు తెలివైనవాడు, ఇంజనీరింగ్ చదవాలనుకున్నాడు. తల్లి క్వయర్ మానేస్తే సీటు సంగతి చూడొచ్చని బడిలో ఎవరో చెప్పారు. కాంటర్ గారే వాళ్ళింటికి వెళ్ళి, "మానేయమ్మా, పిల్లవాడి బతుకు" అన్నారట. ఆవిడ కొడుకునే పిలిచి అడిగింది. వాడు "మానొద్దు" అన్నాడు. సీటు రాలేదు. తాళాలు బాగుచేసే పని నేర్చుకున్నాడు. ఆ ఏడాది భయపడి ఒక్కొక్కరే జారుకున్నారు. క్వయర్‌లో ఏడుగురు మిగిలారు. ఆ ఏడుగురిలో ఆవిడ ఒకతి.

"ఇరవై ఏళ్ళు దిగమని తిట్టాను. ఆవిడ పోయాక చివరి మాట ఎప్పుడు పాడించినా బోసిగా ఉండేది. అన్నీ సరిగ్గా ఉండేవి, అదే బాధ. అందుకని ఈసారి ఆవిడ తప్పుని ఆవిడకే రాసిపెట్టాను."

ఇంకో ట్రామ్ వచ్చింది. ఇద్దరం ఎక్కాం.

గురువారం నేను అందరి ముందూ నిలబడి జరిగింది చెప్పాను. చెప్పమని ఆయన అడగలేదు. చెప్పొద్దని కూడా అనలేదు. వెనక వరసలో ఒక మగగొంతు ఫక్కున నవ్వి, ఆపుకుంది. టీచరమ్మ నవ్వలేదు. "మూడు వారాలు నా పక్కన కూర్చున్నారు. నేను ఏడుస్తుంటే టిష్యూ ఇచ్చారు" అంది. ఆవిడ నాతో మళ్ళీ మామూలుగా మాట్లాడటానికి వసంతం దాకా పట్టింది. ఆఫీసులో మా పెద్దాయన రెండు రోజులు ముఖం ముడుచుకుని, మూడోరోజు కొత్త పేజీ అచ్చువేయించి తనే క్వయర్‌కి తెచ్చిచ్చాడు. ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్ళూ ఫోన్ చేసి విసిగించాను. పద్నాలుగుసార్లు ఫోన్ చేసిన ఒకాయన నన్ను వడ్రంగిపిట్ట అన్నాడు. అననివ్వండి. మీరు పనిచేసేచోట కూడా ఎవరి లెక్కో, ఎవరి వాక్యమో తప్పనిపిస్తే, దిద్దే ముందు ఆ మనిషిని ఒక మాట అడగండి. నేను చెప్పగలిగింది అంతే.

కాంటర్ గారు మానేసే మాట మళ్ళీ ఎత్తకుండా ఆ పాటే తిరిగి మొదలుపెట్టారు. కొత్త పేజీ వచ్చిందని పని అయిపోలేదు. ఆ స్వరం ఎవరికీ నిలవలేదు. మ మీద ఉండాలని తెలుసు, కాగితం మీద ఉంది, అయినా మిగతావాళ్ళు వచ్చి కూర్చోగానే మా గొంతులు వాటంతటవే కిందికి జారిపోయేవి. "మీరు ఒక్కరే పట్టండి" అన్నారు కాంటర్ గారు నాతో. పట్టాను. చుట్టూ అందరూ ఇంటికి చేరిపోతే గుమ్మం బయట నిలబడ్డట్టు ఉంది. రెండు దెబ్బలకే జారిపోయాను. మళ్ళీ అన్నారు. మళ్ళీ జారాను. ఆ వంటావిడ దీన్ని ఇరవై ఏళ్ళు ఎలా పట్టిందో నాకు అంతుపట్టలేదు. చివరికి టీచరమ్మే, నా ముఖం చూడకుండా, మోచేత్తో నా మోచేతిని గట్టిగా ఒత్తింది. ఆ ఒత్తిడి మీద ధ్యాస పెట్టి ఇద్దరం పట్టాం. మిగతావాళ్ళు మా మీద ఆనుకున్నారు.

చనిపోయినవాళ్ళని తలుచుకునే ఆదివారం చర్చి నిండింది. చివరి మాట వచ్చింది. పై గొంతులు వాలాయి, మగగొంతులు వాలాయి, మేం వాలలేదు. ఆయన చేయి మా వైపే ఉంది. అది ముల్లులా గుచ్చుకుంటుందనుకున్నాను. లోపల పాడుతుంటే అలా లేదు. ఎవరో ఇంకా రావాల్సి ఉందని తలుపు వేయకుండా ఉంచినట్టుంది. అందరూ ఆగిపోయాక కూడా మా మ ఒక్కటే పైకప్పు కింద కాసేపు మిగిలి, ఆగింది.

జనం వెళ్ళిపోతుండగా ఒకాయన ఎదురు దిశలో ముందుకొచ్చారు. అరవై దాటుంటాయి. వెడల్పాటి చేతులు, గోళ్ళ సందుల్లో ఇనుము నలుపు. ఆ చివరి స్వరం సంగతి ఆయనకి ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ మాట కాంటర్ గారే ఆ తర్వాత నాతో ఒట్టేసి చెప్పారు. ఆయన కాంటర్ గారి చేయి పట్టుకుని వదలకుండా నిలబడి అడిగారు.

"మా అమ్మ ఇంకా దిగలేదా?"

కాంటర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాగితాలు సర్దుతున్న నా వైపు ఒకసారి చూశారు.

"దించాలని ఒకరు చూశారు. దిగలేదు."